పార్కిన్సన్స్ ఫైలులో ఆ అంకెలు ఏం చెబుతాయి?

న్యూరాలజీ ఓపీ నుంచి బయటికి రాగానే కుటుంబం చేసే మొదటి పని ఫైలు తెరిచి చూడటం. మందుల చీటీ ఎలాగో అర్థమవుతుంది. దాని పైన డాక్టరు చిన్నగా రాసిన ముక్క మాత్రం అర్థం కాదు. "హెచ్ అండ్ వై స్టేజ్ 2.5, యూపీడీఆర్ఎస్ మూడో భాగం 34, ఆన్" అని ఉంటుంది. అందులో "స్టేజ్" అన్న ఒక్క మాట చాలు, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మన ఇళ్లలో స్టేజ్ అంటే తెలిసింది క్యాన్సర్ స్టేజే మరి. "అబ్బాకి సగం దాటిపోయిందట, ఇంకెంత కాలం?" అని దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి అడుగుతాడు.

ఆ అంకె ఆయుష్షు లెక్క కాదు. పార్కిన్సన్స్‌లో స్కేలు అంటే ఆ రోజు, ఆ గంటలో మనిషి పరిస్థితిని డాక్టర్లందరికీ అర్థమయ్యే భాషలో రాసిపెట్టుకునే పద్ధతి. దుకాణంలో ఒక్క రోజు గల్లాపెట్టె చూసి వ్యాపారం లాభంలో ఉందో నష్టంలో ఉందో చెప్పలేం. ఇదీ అంతే. పైగా ఈ లెక్కలో చాలా భాగం డాక్టరు కంటితో చూసి వేసేది కాదు, రోగి, ఇంటివాళ్లు చెప్పినదాన్ని బట్టి వేసేది. వాళ్లు సగం దాచిపెడితే అంకె కూడా సగమే నిజం చెబుతుంది. అందుకే ఈ స్కేళ్లు ఏమిటో, వాటిలో ఏం అడుగుతారో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం మంచిది.

స్కేళ్లు ఎందుకు కావాలి?

షుగర్‌కి రక్తపరీక్ష ఉంది, బీపీకి మిషన్ ఉంది. పార్కిన్సన్స్ ఎంత ముదిరిందో కొలిచి చెప్పే రక్తపరీక్ష ఏదీ ఓపీల్లో వాడుకలో లేదు. మెదడు లోపల డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. కదలికలు నెమ్మదించడం, కండరాలు బిగుసుకోవడం, ఊరికే కూర్చున్నప్పుడు చెయ్యి వణకడం, పోనుపోను నిలకడ తప్పడం దీని ప్రధాన లక్షణాలు. లండన్‌కు చెందిన జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు 1817లో ఆరుగురు రోగులను గమనించి దీని గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 11నే ఇప్పుడు ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు.

స్కాన్లు ఉన్నాయి. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోంది, నమాజులో సజ్దా నుంచి లేవగలుగుతున్నారా అన్నది స్కాన్ చెప్పదు. దానికి మనిషిని చూడాలి, అడగాలి. చూసినదాన్ని, విన్నదాన్ని ఒక పద్ధతిలో రాసుకుంటే ఆరు నెలల తర్వాత మళ్లీ పోల్చి చూడొచ్చు. కర్నూలులో చూసిన డాక్టరు రాసిన అంకెను హైదరాబాద్‌లోని డాక్టరు చదివి అర్థం చేసుకోగలగాలి. స్కేళ్లు పుట్టింది అందుకే.

హోన్-యార్: అయిదు మెట్లు

ఫైలులో "హెచ్ అండ్ వై" అని రాసేది దీన్నే. మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అనే ఇద్దరు డాక్టర్లు న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో 800 మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించి 1967లో దీన్ని ప్రచురించారు. ఇందులో అయిదు దశలు ఉన్నాయి.

ఒకటో దశ: లక్షణాలు శరీరంలో ఒకవైపే ఉంటాయి.

రెండో దశ: రెండువైపులా ఉంటాయి, నిలకడ మాత్రం బాగానే ఉంటుంది.

మూడో దశ: నిలకడ తప్పడం మొదలవుతుంది, అయినా తన పనులు తాను చేసుకోగలరు.

నాలుగో దశ: ఇబ్బంది చాలా ఎక్కువ, అయినా సాయం లేకుండా నిలబడగలరు లేదా నడవగలరు.

అయిదో దశ: ఎవరైనా సాయం పడితే తప్ప వీల్‌చైర్‌కో మంచానికో పరిమితం.

తర్వాతి కాలంలో 1.5, 2.5 అనే మధ్య మెట్లు కూడా చేర్చారు. 2.5 అంటే రెండువైపులా లక్షణాలు ఉన్నాయి, వెనక్కి లాగి చూస్తే కాస్త తూలుతారు, కానీ తమంతట తామే నిలదొక్కుకుంటారు అని అర్థం. ఆ కొడుకు అనుకున్నట్టు జీవితంలో సగం అయిపోయిందని కాదు.

ఈ స్కేలులో ఉన్న ఇంకో చిక్కు కూడా తెలుసుకోవాలి. ఇది లక్షణాలు ఎక్కడ ఉన్నాయి, నిలకడ ఉందా లేదా అన్నదే ప్రధానంగా చూస్తుంది. ఎంత బాధ పెడుతున్నాయన్నది పెద్దగా చూడదు. కుడిచెయ్యి విపరీతంగా వణికి, కత్తెర పట్టలేక మిషన్ పక్కన పెట్టేసిన దర్జీ ఈ స్కేలు ప్రకారం ఒకటో దశలోనే ఉండొచ్చు. రెండు చేతుల్లోనూ కొంచెం నెమ్మది తప్ప ఏ పనీ ఆగని టీచరు రెండో దశలోకి వస్తారు. "ఒకటేగా, ఏం కాదులే" అని దర్జీకి చెప్పడం ఎంత తప్పో, "రెండుకు వచ్చేసింది" అని టీచరును భయపెట్టడం అంతే తప్పు.

మెట్ల మధ్య దూరం కూడా సమానం కాదు. కొందరు ఒకే మెట్టు మీద ఏళ్ల తరబడి ఉంటారు. బాక్సర్ ముహమ్మద్ అలీకి ఈ జబ్బు ఉందని 1984లో తేలింది, అప్పటికి ఆయన వయసు 42. పన్నెండేళ్ల తర్వాత 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేతితోనే జ్యోతి వెలిగించారు. ఆయన కన్నుమూసింది 2016లో. జబ్బు తేలిన తర్వాత 32 ఏళ్లు బతికారన్నమాట. అందరికీ ఒకేలా నడుస్తుందని చెప్పలేం. ఏ మెట్టు దగ్గర ఎన్నేళ్లు అన్నది ఆ అంకెలో రాసి ఉండదు.

యూపీడీఆర్ఎస్: నాలుగు భాగాల పెద్ద లెక్క

హోన్-యార్ ముతక లెక్క అయితే, వివరంగా చూసే స్కేలు యూపీడీఆర్ఎస్. 1980ల్లో తయారైన దీన్ని అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ సవరించి 2008లో కొత్త రూపం ఇచ్చింది. దాని పేరు ఎండీఎస్-యూపీడీఆర్ఎస్. మొత్తం 65 అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. 0 అంటే మామూలు, 1 అతి స్వల్పం, 2 స్వల్పం, 3 మధ్యస్థం, 4 తీవ్రం. బడిలో మార్కులకు ఇది పూర్తిగా ఉల్టా. ఇక్కడ తక్కువ వస్తేనే మంచిది. పూర్తిగా చేయడానికి సుమారు అరగంట పడుతుంది. అందుకే రద్దీ ఓపీల్లో చాలాసార్లు ఒక్క మూడో భాగమే చేస్తారు.

మొదటి భాగం (13 అంశాలు, గరిష్ఠం 52): జ్ఞాపకశక్తి, లేనివి కనిపించడం, దిగులు, ఆందోళన, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, నొప్పులు, మూత్రం, మలబద్ధకం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నీరసం వంటివి.

రెండో భాగం (13 అంశాలు, గరిష్ఠం 52): రోజువారీ పనులు. మాట, నోట్లోంచి చొంగ కారడం, నమలడం-మింగడం, తినడం, బట్టలు వేసుకోవడం, శుభ్రత, చేతిరాత, మంచంలో పక్కకు తిరగడం, నడక, నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం.

మూడో భాగం (33 మార్కులు, గరిష్ఠం 132): డాక్టరు స్వయంగా చేసే పరీక్ష.

నాలుగో భాగం (6 అంశాలు, గరిష్ఠం 24): మందుల వల్ల వచ్చే అనవసర కదలికలు, మందు ప్రభావం తగ్గిపోయే గంటలు.

మూడో భాగంలో డాక్టరు చేయించే పనులు ఇంటివాళ్లకు ఆటలా కనిపిస్తాయి. బొటనవేలు, చూపుడువేలు పదిసార్లు వేగంగా, వీలైనంత వెడల్పుగా కొట్టించడం, పిడికిలి పదిసార్లు మూసి తెరిపించడం, చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేవమనడం, నడిచి తిరిగి రమ్మనడం. మార్కు వేగానికి మాత్రమే కాదు. మధ్యలో ఆగిందా, పోనుపోను చిన్నదైపోయిందా అన్నవి కూడా చూస్తారు. వణుకును సెంటీమీటర్లలో అంచనా వేస్తారు. కూర్చున్నప్పుడు చెయ్యి 1 సెంటీమీటరు లోపు కదిలితే 1 మార్కు, 10 సెంటీమీటర్లు దాటితే 4.

వెనకాల నిలబడి భుజాలు పట్టి ఒక్కసారి లాగే పరీక్ష చూసి చాలామంది ఇంటివాళ్లు కంగారుపడతారు. అది నిలకడ పరీక్ష. డాక్టరు పట్టుకోవడానికి సిద్ధంగానే ఉంటారు. ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంటే మామూలే. పట్టుకోకపోతే పడిపోతారనిపిస్తే 3. దీన్ని ఇంట్లో ప్రయోగం చేసి చూడకూడదు. పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఈ భాగంలో ఒక నియమం ఉంది: కారణం ఏదైనా, కనిపించినదానికే మార్కు వేయాలి. మోకాళ్ల నొప్పుల వల్ల కుర్చీలోంచి లేవలేకపోయినా మార్కు పడుతుంది. కాబట్టి మోకాళ్ల అరుగుదల, పాత పక్షవాతం, విరిగి అతికిన చెయ్యి ఉంటే ముందే చెప్పాలి. అప్పుడు డాక్టరు ఆ అంకెను చదివే తీరు మారుతుంది.

అంకె పెరిగిందంటే జబ్బు పెరిగినట్టేనా?

ఒక అధ్యయనం ప్రకారం మూడో భాగంలో 32 వరకు తేలిక, 33 నుంచి 58 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం అని స్థూలంగా అనుకోవచ్చు. కానీ పోయినసారి 31, ఈసారి 33 అంటే జబ్బు ముదిరిందని తీర్మానించకూడదు. రోగి జీవితంలో తేడాగా తెలియాలంటే ఈ భాగంలో సుమారు 3 పాయింట్లకు మించి తగ్గాలి, లేదా దాదాపు 5 పాయింట్లు పెరగాలి అని పరిశోధకులు లెక్కగట్టారు. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూసినా ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. నాలుగు భాగాలనూ కలిపి ఒకే మొత్తంగా చూడటం కన్నా దేనికది చూడటమే సరైనదని నిపుణులు చెబుతారు. కదలికలు మెరుగై దిగులు పెరిగితే మొత్తం మారదు, ఇంట్లో మాత్రం చాలా మారిపోతుంది.

అన్నింటికన్నా పెద్ద తేడా తెచ్చేది మందు గంట. లెవోడోపా మాత్ర (సిండోపా వంటి పేర్లతో దొరికేది) పని చేస్తున్న సమయాన్ని డాక్టర్లు "ఆన్" అంటారు. దాని ప్రభావం దిగిపోయిన సమయం "ఆఫ్". ఒకే మనిషి ఒకే రోజు ఆన్‌లో చకచకా నడిచి, ఆఫ్‌లో కుర్చీలోంచి లేవలేకపోవచ్చు. అందుకే ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ ఫారంలో మూడో భాగం మొదట్లోనే, రోగి ఆన్‌లో ఉన్నారా ఆఫ్‌లోనా, చివరి లెవోడోపా మాత్ర వేసుకుని ఎన్ని నిమిషాలైంది అని రాయాల్సిన గడులు ఉన్నాయి.

"డాక్టర్ సాబ్ దగ్గరికి వెళ్లేటప్పుడు బాగుండాలి" అని కొందరు లోపలికి పిలిచే ముందు ఒక మాత్ర అదనంగా వేసేస్తారు. ఇంకొందరు "అసలు పరిస్థితి తెలియాలి" అని ఉదయం మాత్ర ఎగ్గొట్టి తీసుకెళ్తారు. రెండూ తప్పే. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప రోజూ వేసుకునే టైముకే వేసుకుని, ఆ టైము కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఆన్ అనో ఆఫ్ అనో రాయని అంకెను వేరే ఆస్పత్రిలో ఎవరూ సరిగా పోల్చలేరు. ఫైలులో అది లేకపోతే అడిగి రాయించుకోవాలి.

మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ శస్త్రచికిత్సకు ఎవరు పనికొస్తారో తేల్చేటప్పుడు ఈ తేడానే ఆధారం. ముందు రాత్రి నుంచి మందు ఆపి ఒకసారి, మందు ఇచ్చాక మరోసారి మూడో భాగం చేస్తారు. అంకె సుమారు మూడో వంతు తగ్గితే మందుకు బాగా స్పందిస్తున్నట్టు. ఇది డాక్టర్ల పర్యవేక్షణలోనే జరగాలి.

వీడియో కాల్‌లో చూపించేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కండరాల బిగువు, నిలకడ పరీక్షలు చేత్తో పట్టి చేయాల్సినవి. ఫోన్‌లో వేసిన అంకెలో అవి ఉండవు.

70 శాతం: మంచిదా, చెడ్డదా?

కొన్ని ఫైళ్లలో "ఎస్ అండ్ ఈ 70" అని ఉంటుంది. ఇది ష్వాబ్-ఇంగ్లండ్ స్కేలు. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో శాతంలో చెబుతుంది. 100 అంటే పూర్తిగా స్వతంత్రం. 80 అంటే చాలా పనులు స్వయంగా చేసుకుంటారు, కానీ రెట్టింపు టైము పడుతుంది. 50 అంటే సగం పనులకు సాయం కావాలి. ఇక్కడ ఎక్కువ ఉంటే మంచిది.

వైకల్య సర్టిఫికెట్‌లో ఇది తలకిందులవుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. అక్కడ 70 శాతం అంటే వైకల్యం 70 శాతం. చట్టం కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. ఫైలులోని ష్వాబ్-ఇంగ్లండ్ అంకెనో, హోన్-యార్ మెట్టునో చూపించి "మాకు ఇంత శాతం రావాలి" అని అడిగితే కుదరదు. ఆ శాతాన్ని నిర్ణయించేది మెడికల్ బోర్డే. ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరాల ద్వారా ఈ పరీక్ష జరుగుతుంది. అయితే స్కేళ్ల అంకెలు, తేదీలతో ఉన్న పాత చీటీలన్నీ వెంట తీసుకెళ్తే జబ్బు ఎలా నడిచిందో బోర్డు డాక్టర్లకు తెలుస్తుంది.

రోగి మాటే ప్రమాణం

అంకెలన్నీ డాక్టరు వైపు నుంచే కావు. పీడీక్యూ-39 అనేది ఆక్స్‌ఫర్డ్‌లో తయారై 1995లో వచ్చిన ప్రశ్నావళి. 39 ప్రశ్నలు, ఎనిమిది విభాగాలు. గత నెలరోజుల్లో నలుగురిలోకి వెళ్లడానికి ఎన్నిసార్లు సిగ్గుపడ్డారు, జబ్బు సంగతి దాచాలనిపించిందా, ఇంట్లోవాళ్ల తోడు దొరికిందా అని రోగినే అడుగుతుంది. 0 నుంచి 100 వరకు ఉంటుంది, ఎక్కువైతే బతుకు అంత భారంగా ఉన్నట్టు. చెయ్యి వణుకుతోందని దావత్‌లకు వెళ్లడం మానేసిన పెద్దాయన బాధ యూపీడీఆర్ఎస్ మూడో భాగంలో కనపడదు. ఇక్కడ కనపడుతుంది.

ఎన్ఎంఎస్ క్వెస్ట్ అనేది అవును-కాదు అని టిక్కు పెట్టే 30 ప్రశ్నల కాగితం. కదలికలతో సంబంధం లేని లక్షణాలన్నీ ఇందులో ఉంటాయి. వాసన తెలియకపోవడం వాటిలో ఒకటి. బిర్యానీ దమ్ము తెరిచినా, బట్టలకు అత్తరు రాసినా వాసన రావట్లేదని వణుకు మొదలవ్వడానికి ఏళ్ల ముందే కొందరు అంటుంటారు. నిద్రలో అరవడం, కలలో కొట్లాడినట్టు చేతులు విసరడం కూడా అంతే. వీటిని వయసు మీద నెట్టేయకుండా టిక్కు పెట్టాలి.

జ్ఞాపకశక్తికి ఎక్కువగా వాడేది మోకా పరీక్ష. 30 మార్కులు. మామూలుగా 26 వస్తే సరే అంటారు. పన్నెండేళ్లు లేదా అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. గడియారం బొమ్మ గీయడం, క్యూబు చూసి గీయడం, వెనక్కి లెక్కపెట్టడం ఉంటాయి. బడికే వెళ్లని నానీకి పెన్ను ఇచ్చి క్యూబు గీయమంటే వచ్చే మార్కు ఆమె మతిమరుపు గురించి చెబుతోందా, చదువు గురించి చెబుతోందా? ఈ చిక్కు తెలిసే, తక్కువ చదువుకున్నవాళ్ల కోసం మోకా-బేసిక్ అని వేరే రూపం తయారుచేశారు. ఐసీఎంఆర్ కూడా భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి పరీక్షల సంచి ఒకటి తయారుచేయించింది. అందులో తెలుగు ఉంది. కాబట్టి పరీక్షకు ముందే రెండు విషయాలు చెప్పాలి: ఎంతవరకు చదువుకున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు. ఉర్దూలో ఆలోచించే మనిషిని ఇంగ్లిష్‌లో అడిగితే అంకె తగ్గుతుంది. అందులో జబ్బు తప్పేమీ లేదు.

సిగ్గుతో దాచేవి, భయంతో దాచేవి

ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ మొదటి భాగంలోని కొన్ని ప్రశ్నల దగ్గర చాలా కుటుంబాలు నోరు మెదపవు.

లేనివి కనిపించడం అందులో మొదటిది. "గదిలో ఎవరో కూర్చున్నారు", "చనిపోయిన అమ్మ వచ్చింది" అని పెద్దవాళ్లు అంటే ఇంట్లో అసర్ అనో జిన్ అనో అనుకుని ఆమిల్ దగ్గరికి తీసుకెళ్తారు, డాక్టరుకు చెప్పరు. జబ్బు వల్లా, దాని మందుల వల్లా కూడా ఇలా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియని డాక్టరు వణుకు తగ్గడానికి మందు పెంచితే, ఆ కనిపించేవి ఇంకా పెరుగుతాయి. దువా ఎలాగూ చేస్తారు. డాక్టరు చెవినా వేయాలి.

రెండోది దిగులు. "ఈమాన్ ఉన్నవాడికి డిప్రెషన్ ఏంటి" అని కొందరు పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఈ జబ్బులో దిగులు కూడా మెదడులోని రసాయనాల మార్పుతో ముడిపడిన లక్షణమే. మందు ఉంది.

మూడోది ఇంకా కష్టం. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడే కొందరిలో డబ్బు తగలేయడం, జూదం, కోరికలు అదుపు తప్పడం కనిపిస్తాయి. జీవితమంతా పైసా పైసా లెక్కపెట్టిన మనిషి ఆన్‌లైన్ రమ్మీలో పెన్షన్ పోగొట్టుకుంటే ఇల్లంతా ఆయన గుణాన్ని తప్పుపడుతుంది. స్కేలులో దానికీ ఒక ప్రశ్న ఉంది, ఎందుకంటే అది మందు దుష్ప్రభావం కావొచ్చు, డోసు మారిస్తే తగ్గొచ్చు.

ఇక మూత్రం ఆపుకోలేకపోవడం. వజూ నిలవడం లేదని మసీదుకు వెళ్లడం మానేసినవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లు మగ డాక్టరు ముందు ఈ మాట ఎత్తలేరు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వచ్చు, కూతురో కోడలో చెప్పొచ్చు. ప్రశ్నావళిలో రోగి సొంతంగా నింపే భాగాన్ని రోగి, తోడున్నవారు, లేదా ఇద్దరూ కలిసి నింపినా ఒప్పుకుంటారు. ఎవరు నింపారో అందులోనే టిక్కు పెడతారు.

రంజాన్‌లో అంకెలు ఎందుకు మారతాయి?

రోజుకు నాలుగైదుసార్లు మాత్ర వేసుకునేవారు రోజా ఉంటే పగలంతా మందు ఉండదు. అసర్ వేళకి పూర్తిగా ఆఫ్‌లోకి వెళ్లిపోతారు. ఆ వారంలో పరీక్ష చేస్తే అంకె పెరుగుతుంది. జబ్బు ముదిరిందని కంగారుపడతారు. దానికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. పార్కిన్సన్స్ మందులను ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన బిగువు, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రంజాన్‌కు ముందే డాక్టరును కలిసి, రోజా సాధ్యమా కాదా అన్నది ఆయనతో మాట్లాడి తేల్చుకోవాలి. రోగులకు షరీఅత్ సడలింపు ఇచ్చింది. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి ఫిద్యా ఇవ్వచ్చు. ఆ మసాయిల్ ఆలిమ్‌ను అడగాలి. మందు టైము మాత్రం డాక్టరునే అడగాలి.

మాంసం, పప్పు వంటి ప్రొటీన్ ఎక్కువున్న తిండి లెవోడోపా ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. హలీమ్ తిన్న వెంటనే మాత్ర వేసుకుని "మందు పని చేయట్లేదు" అంటే తప్పు మందుది కాదు. సాధారణంగా తిండికి అరగంట ముందు వేసుకోమంటారు. వికారం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పినట్టు చేయాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు

మూడు రోజుల డైరీ రాయండి. ఏ గంటకు మాత్ర, ఎప్పుడు ఒళ్లు తేలికైంది, ఎప్పుడు బిగుసుకుంది, ఎప్పుడు అనవసర కదలికలు వచ్చాయి. ఇది చూసే యూపీడీఆర్ఎస్ నాలుగో భాగం సరిగా నింపగలరు.

నెలలో ఎన్నిసార్లు పడ్డారో తేదీలతో రాయండి. "అప్పుడప్పుడు" అంటే అంకె వేయలేరు.

నమాజునే గమనించండి. రుకూలో తూలుతున్నారా, సజ్దా నుంచి లేవడానికి చెయ్యి ఆనించాల్సి వస్తోందా, తస్బీహ్ వేలి మీద తిప్పగలుగుతున్నారా, వజూలో నీళ్లు పట్టే చెయ్యి వణుకుతోందా. కుర్చీలోకి మారింది ఏ నెల నుంచో చెప్పండి. రోజుకు అయిదుసార్లు ఒకే రకంగా చేసే పని కాబట్టి చిన్న మార్పైనా ఇక్కడ తొందరగా దొరుకుతుంది.

ఇంటి ఖర్చుల పుస్తకంలోనో నోట్‌బుక్‌లోనో నెలకొకసారి ఒకే వాక్యం రాయించి తేదీ వేయండి. ఉర్దూ అయినా తెలుగు అయినా సరే. అక్షరాలు పోనుపోను చిన్నవైపోతున్నాయేమో తెలుస్తుంది.

వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి, హకీమ్ ఇచ్చినవీ కలిపి.

డాక్టరు రాసిన ప్రతి అంకె పక్కన తేదీ, మాత్ర టైము, ఆన్ లేదా ఆఫ్ ఉండేలా చూడండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ప్రశ్నలు అడిగేటప్పుడు ముందు రోగినే మాట్లాడనివ్వండి. ఈ జబ్బులో గొంతు తగ్గుతుంది, మాట ఆలస్యమవుతుంది, ముఖంలో భావం కనపడదు. జవాబు లేదనుకుని కొడుకు చెప్పేస్తాడు. కొంచెం ఆగితే జవాబు వస్తుంది. తర్వాత మీరు చూసినది కలపండి.

దుబాయ్ నుంచి ఫోన్ చేసే కొడుకు కూడా ఇకపై "ఎన్నో స్టేజ్?" అని కాకుండా, "అబ్బా ఇవాళ మాత్ర టైముకి వేసుకున్నారా, ఈ నెలలో ఎన్నిసార్లు పడ్డారు, మసీదుకు వెళ్తున్నారా?" అని అడగాలి. ఆ జవాబులు రాసుకున్న కాగితం ఉంటే డాక్టరు వేసే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది, మందు సరిపడా అందుతుంది. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్.